పరాయి బిడ్డ అనే సాకు

కొల్లూరైనా, తెనాలైనా, రేపల్లైనా ఈ విషయంలో ఊరి తీరు ఒక్కటే. ఎవరైనా దంపతులు "ఒక పిల్లను ఇంటికి తెచ్చి పెంచుదామనుకుంటున్నాం" అని నలుగురిలో నోరు జారితే చాలు, పొద్దుగూకేలోగా హితబోధ మొదలవుతుంది. "ఎవరి కడుపున పుట్టిందో ఏమో, కొరివితో తల గోక్కోవడం దేనికి వదినా?" అని ఒకరు. "ఎంత చేసినా రెక్కలొచ్చాక ఎగిరిపోయేదేగా బాబాయ్" అని ఇంకొకరు. "అంతగా పుణ్యం కావాలంటే అనాథాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించండి" అని మరొకరు. కాస్త చదువుకున్నాయన వచ్చి, "పెంచుకుంటే చట్టప్రకారం దత్తత తీసుకోండి. ఈ నడిమంత్రపు పెంపకం ఏంటి?" అని తేల్చేస్తాడు. ఇంతమంది ఇన్ని చెప్పాక ఆ మొగుడూపెళ్ళాలు "నిజమేనేమో" అనుకుని ఊరుకుంటారు. ఎక్కడో ఒక బాలసదనంలో ఒక పిల్లకు దొరకాల్సిన ఇల్లు అలా తప్పిపోతుంది. ఆ సంగతి ఆ పిల్లకు తెలియదు, ఊరికీ పట్టదు.

ఈ హితబోధ నలుగురి నోట నాలుగు రకాలుగా వినిపించినా లోపలున్న మాట ఒక్కటే: నాది కాని బిడ్డకు నేను చేసేదంతా దండగ. దీన్ని మనం లోకజ్ఞానం అంటున్నాం. పిల్లల్ని కూడా ఆస్తి లెక్కలో చూసే బుద్ధి ఇది. లోకజ్ఞానం ముసుగేసుకుంది కాబట్టి గౌరవంగా చెలామణీ అవుతోంది.

ముందు ఈ పెంపకం ఏమిటో చెప్పుకోవాలి. ఊళ్ళో దీన్ని కాదనేవాళ్ళలో ఎక్కువమందికి ఇది ఏమిటో తెలియదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 44వ సెక్షన్ దీనికి దారి వేసింది. కన్న ఇంట్లో ఉండే వీలులేని పిల్లను, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో, పరీక్షించి ఎంపిక చేసిన వేరే కుటుంబంలో కొంతకాలమో, చాలాకాలమో ఉంచడమే ఫోస్టర్ కేర్. ఆ పిల్ల చదువు, ఆరోగ్యం, తిండి ఆ కుటుంబం బాధ్యత. మిషన్ వాత్సల్య పథకం కింద పిల్లకు నెలకు 4,000 రూపాయలు ఆ కుటుంబానికి ఇస్తారు. పిల్ల ఇంటిపేరు మారదు, ఆస్తిలో వాటా రాదు, కన్నవాళ్ళతో సంబంధం తెగదు. తల్లో తండ్రో కోలుకుని పిల్లను చూసుకోగలిగే స్థితికి వస్తే పిల్ల వాళ్ళ దగ్గరికే వెళ్తుంది. కేంద్రం 2024లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం ఆరేళ్ళు దాటిన పిల్లలను ఇలా ఇస్తారు. దంపతులే కానక్కర్లేదు. 35 ఏళ్ళు దాటిన అవివాహితులు, వితంతువులు, విడాకులు తీసుకున్నవాళ్ళు కూడా ముందుకు రావచ్చు.

ఇక ఒక్కొక్క అభ్యంతరం సంగతీ చూద్దాం.

మొదటిది రక్తం. "ఏ గూటి చిలక ఆ గూటి పలుకే పలుకుతుంది" అంటారు. తాగుబోతు బిడ్డ తాగుబోతే అవుతాడనీ, దొంగ బిడ్డకు చెయ్యి ఊరుకోదనీ నమ్మకం. ఈ నమ్మకం ఎక్కడిదాకా పోగలదో తెలుసుకోవడానికి మనం దూరం పోనక్కర్లేదు. మన బాపట్ల జిల్లాలోనే స్టువర్టుపురం ఉంది. నేరం రక్తంలోనే ఉంటుందని తెల్లదొరల ప్రభుత్వం 1871లో ఏకంగా నేరస్థ జాతుల చట్టమే చేసింది. ఆ చట్టాన్ని మన వైపుకూ తెచ్చాక, 1913 ప్రాంతంలో ఎరుకల కుటుంబాలను తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ ఆజమాయిషీలో స్టువర్టుపురం సెటిల్‌మెంటులో పెట్టారు. పుట్టిన బిడ్డ పుట్టగానే అనుమానితుడు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. 1970ల్లో సంఘసంస్కర్తలు లవణం, హేమలతా లవణం దంపతులు అక్కడ అడుగుపెట్టి, మనుషులు మారతారని నమ్మి ఏళ్ళ తరబడి పనిచేశారు. ఇవాళ ఆ ఊరి పిల్లలు ఏం చదువుతున్నారో, ఏ ఉద్యోగాల్లో ఉన్నారో బాపట్ల వెళ్ళి అడిగితే చెప్తారు. రక్తం సిద్ధాంతాన్ని ఒక సర్కారు మొత్తం బలంతో అమలుచేసి చూసిన చోటు అది. అక్కడే ఓడిపోయిన సిద్ధాంతాన్ని మనం ఏడేళ్ళ పిల్ల మీద ప్రయోగిస్తున్నాం.

అసలు ఆ చిలక సామెతనే సరిగ్గా వినండి. పలుకు గూటిని బట్టి వస్తుందని చెబుతోంది అది. మంచి గూడు ఇవ్వడానికి అంతకన్నా పెద్ద సిఫారసు ఏముంది? పెద్దపిల్లల గురించి చెప్పే "మొక్కై వంగనిది మానై వంగునా" కూడా ఇలాగే తప్పుదారి పట్టింది. ఎనిమిదేళ్ళ పిల్ల మాను కాదు. మానుగా లెక్కకట్టేది, ఆరు నెలల పసికందు దొరికితేనే పెంచుతాం అనేవాళ్ళు.

రక్తం అన్నప్పుడు బయటికి అనని మాట ఒకటుంది. అది కులం. "ఎవరి పిల్లో" అనే ప్రశ్నకు తల్లి పేరు చెబితే సరిపోదు, అడిగేవాళ్ళకు కావలసింది అది కాదు. వంటింట్లోకి రానివ్వొచ్చా, రేపు పెళ్ళికి అడ్డం వస్తుందా, బంధువులు ఏమంటారు, ఇవీ అసలు ప్రశ్నలు. కొల్లూరు చుట్టుపక్కల ఇటుక బట్టీల్లో దూరప్రాంతాల నుంచి వచ్చిన వలస కుటుంబాలు పనిచేస్తాయి. వాళ్ళు కోసి కాల్చిన ఇటుకతోనే మన గోడలు లేచాయి. ఆ ఇటుక ఏ చేతుల మీదుగా వచ్చిందో గృహప్రవేశం రోజున ఎవరం అడగలేదు. ఆ చేతుల తాలూకు బిడ్డ గడప తొక్కబోతే మాత్రం వంశం, గోత్రం అన్నీ గుర్తొస్తాయి. ఈ సంకోచం ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు ఒప్పుకుంటే నయం. పిల్ల భవిష్యత్తు మీద దిగులుగా దాన్ని చూపించడం మాత్రం మోసం.

రెండో అభ్యంతరం: రెక్కలొచ్చాక పోతుంది, లేదా మధ్యలోనే కన్నవాళ్ళు తీసుకుపోతారు. అందుకని పెంచడం దండగ.

పోవడం గురించి తెనాలి డివిజనులో ఎవరికీ పాఠం చెప్పే అవసరం లేదు. ఇక్కడ ఏ వీధిలోకి వెళ్ళినా పైఅంతస్తు గదులకు తాళాలున్న ఇళ్ళు కనబడతాయి. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. కింద పెద్దాయన బీపీ బిళ్ళ వేసుకున్నాడో లేదో రాత్రి తొమ్మిదింటికి వీడియో కాల్లో అడుగుతారు. ఆ పిల్లలను పెంచడం దండగ అని ఎవరైనా అన్నారా? అనం. బాగుపడ్డారని గర్వంగా చెప్పుకుంటాం. సొంత బిడ్డ ఎగిరిపోతే అభివృద్ధి, పరాయి బిడ్డ ఎగిరిపోతే ద్రోహం. కొలత ఒక్కటే పెట్టుకుంటే ఈ అభ్యంతరం నిలవదు.

మధ్యలో తిరిగి వెళ్ళిపోవడం సంగతి కొల్లూరు మండలానికి ఇంకా బాగా తెలియాలి. 2009 అక్టోబరులో కృష్ణ పొంగింది. 2024 సెప్టెంబరు మొదట్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. పెసర్లంక, పోతార్లంక, చిలుమూరు లంక లాంటి లంకలు నీళ్ళపాలయ్యాయి. పసుపు, కంద, అరటి తోటలు మునిగాయి. పడవల మీద బయటపడ్డవాళ్ళు కరకట్టకు ఇవతల చుట్టాల ఇళ్ళల్లో, తెలిసినవాళ్ళ వసారాల్లో తలదాచుకున్నారు. ముసలమ్మ మంచం ఒక పక్క, ట్రంకు పెట్టె ఒక పక్క, పిల్లలకు పాలు కాచిన గిన్నె ఇంకో పక్క. నీళ్ళు తీశాక ఎవరి ఊరికి వాళ్ళు వెళ్ళిపోయారు. "వెళ్ళిపోయేవాళ్ళకు ఇన్నాళ్ళు వండిపెట్టామా" అని ఆ ఇంటి ఇల్లాలు అనలేదు. వరద తీసేదాకా ఉంచుకోవడమే ఆమె పని, ఆ పని ఆమె చేసింది. ఫోస్టర్ కుటుంబం పని కూడా అచ్చంగా అదే. తల్లి టీబీ ఆస్పత్రిలో ఉంటుంది, తండ్రి జైల్లో ఉంటాడు, లేకపోతే తాగి పిల్లను కొట్టినందుకు కమిటీ వేరుచేసి ఉంటుంది. వాళ్ళ వరద తీసేదాకా ఆ పిల్లకు ఒక వసారా కావాలి. పిల్ల తిరిగి తల్లి దగ్గరికి చేరిందంటే మీ పెంపకం నెగ్గినట్టే.

ఇక్కడ చాలామంది యశోదను తెస్తారు. ఆ ఉదాహరణ నాకు నచ్చదు, ఎందుకంటే కృష్ణుడు తన బిడ్డ కాడని యశోదకు తెలియదు. తెలిసి పెంచిన ఇల్లు కావాలంటే భారతంలో రాధ, అధిరథుల ఇల్లు ఉంది. నదిలో కొట్టుకొచ్చిన పిల్లాడు ఎవరి బిడ్డో తెలియదని తెలిసే వాళ్ళు పెంచారు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు కర్ణుడికి అసలు పుట్టుక చెప్పి, పాండవుల్లో పెద్దవాడివి రాజ్యం నీదే రమ్మంటాడు. కర్ణుడు పోలేదు. దుర్యోధనుడి స్నేహం ఒక కారణం. దానికంటే ముందు అతను చెప్పింది, తనను పెంచిన రాధ, అధిరథుల రుణం గురించి. రక్తం పిలిచినా, సింహాసనం పిలిచినా కదలనిది పెంపకం అని మన పెద్ద కథే చెబుతుంటే, పరాయి బిడ్డ ఎప్పటికీ పరాయిదే అనే మాట మనకు ఎక్కడినుంచి వచ్చింది? ఫోస్టర్ కేర్ పాశ్చాత్యుల పద్ధతి, మన సంస్కృతికి పడదు అనేవాళ్ళు ఆ పర్వం మరోసారి తిరగేయాలి. శకుంతలను కణ్వుడు పెంచి పంపించాడు. సీతను జనకుడు పెంచి పంపించాడు. పురాణం చెప్పించుకునేటప్పుడు కన్నీళ్ళు పెట్టుకుని, ఇంటికొచ్చాక గోత్రం అడగడమే మన ఇబ్బంది.

మూడోది దత్తత వాదం. పెంచితే పూర్తిగా నా బిడ్డ కావాలి, లేకపోతే వద్దు. వినడానికి ఇది నిజాయితీగానే ఉంటుంది. కానీ మన సమాజంలో దత్తత అనాదిగా ఎవరి అవసరం కోసం సాగిందో చూడండి. పిండం పెట్టడానికి ఒకడు, పొలం పోకుండా ఉండటానికి ఒకడు. అన్న కొడుకునో, కూతురి కొడుకునో తెచ్చుకుంటారు. తెచ్చుకున్న పిల్లవాడికి ఇల్లు ముందే ఉంది. ఇల్లు లేని పిల్ల ఆ లెక్కలోకే రాదు. ఇప్పటి చట్టబద్ధమైన దత్తతలో కూడా వేలమంది దంపతులు మూడేళ్ళకు పైగా వరుసలో ఉంటున్నారు. అందరూ ఎదురుచూసేది ఆరోగ్యంగా ఉన్న పసికందు కోసం. పదేళ్ళ పిల్లవాడి కోసం, చెవుడున్న పిల్ల కోసం, విడదీయకూడని అక్కాతమ్ముళ్ళ కోసం వరుస లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఆశ్రమాల్లో ఉన్న పిల్లలందరూ అనాథలు కారు. చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. ఉన్న తల్లి చట్టప్రకారం వదులుకుంటే తప్ప ఆ పిల్లను దత్తత ఇవ్వడం మామూలుగా కుదరదు, ఆమెను లేనట్టు కొట్టేయకూడదు కూడా. అంటే దత్తతే దారి అని పట్టుబట్టేవాళ్ళు ఆ పిల్లలకు రెండే దారులు మిగులుస్తున్నారు: ఆశ్రమం, లేకపోతే వీధి. ఈ మధ్యలో ఉన్న మూడో దారి కోసమే 44వ సెక్షన్ ఉంది. అక్కాతమ్ముళ్ళను వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలని కూడా అదే సెక్షన్ చెబుతోంది. కాలం గడిచి, కన్నవాళ్ళు తిరిగి రాని పరిస్థితి తేలితే, రెండేళ్ళ పెంపకం తరవాత అదే కుటుంబం దత్తతకు దరఖాస్తు పెట్టుకునే వీలు కూడా ఇప్పుడు ఉంది. కాబట్టి దత్తత కావాలనేవాళ్ళకు తలుపు మూసుకుపోలేదు. పట్టా ముందు, ప్రేమ తరవాత అనే వరుస మాత్రం కుదరదు.

నాలుగోది, అందరికీ నచ్చేది: ఆశ్రమాలున్నాయి, హాస్టళ్ళున్నాయి, ప్రభుత్వం చూసుకుంటుంది, మనం అప్పుడప్పుడు ఒక పూట భోజనం పెడితే చాలు.

ఈ ఒక పూట భోజనం ఎలా జరుగుతుందో దగ్గరగా చూడండి. పన్నెండు గంటలకు కారు ఆగుతుంది. బిర్యానీ డేగిశాలు, ఒక కేకు డబ్బా దిగుతాయి. పిల్లలను వరసగా నిలబెడతారు. కారులో వచ్చిన బాబు కొత్త చొక్కాతో కొవ్వొత్తి ఊదుతాడు. నలభై గొంతులు తమకు పేరు తెలియని బాబుకి పుట్టినరోజు పాట పాడతాయి. వాళ్ళలో కొందరి పుట్టినరోజు కాగితం మీద అంచనాగా రాసిందే. ఫొటోలు అవుతాయి. రెండింటికి కారు వెళ్ళిపోతుంది. వచ్చేవారం ఇంకో కారు. అన్నం పెట్టడం తప్పని నేను అనను. కానీ ఇందులో పిల్లలు చేస్తున్న పని ఏమిటో గమనించారా? మన పండక్కి ప్రేక్షకులుగా నిలబడుతున్నారు. ఆ పూట మనకు దక్కినంత తృప్తి వాళ్ళకు దక్కలేదు.

హాస్టలు గొప్పదే. 1972లో తాడికొండలో పెట్టిన గురుకులం ఎన్ని పేద ఇళ్ళ రాత మార్చిందో ఈ జిల్లాలకు తెలుసు. కానీ హాస్టలు వెనక ఇల్లు ఒకటి ఉంటుందన్న లెక్క మీదే నడుస్తుంది. దసరాకు, సంక్రాంతికి, వేసవికి సెలవులిస్తారు. నాన్న సైకిలో మోటారు సైకిలో వేసుకొచ్చి గేటు దగ్గర నిలబడతాడు, పెట్టె కట్టుకుని పోతారు. పోవడానికి ఇల్లు లేని పిల్లకు సెలవు ఒక శిక్ష. తాడికొండ చేసిన పని తాడికొండ చేసింది. భోగి రోజున తలంటి పోసి, "నూనె కళ్ళల్లోకి పోతోంది, తల వంచు" అని కసరడం ఏ సంస్థ చేయగలిగే పనీ కాదు.

ఇది భావావేశం అనుకునేవాళ్ళకు లెక్కలున్నాయి. రుమేనియాలో చౌషెస్కూ పాలన పోయాక ఆశ్రమాల్లో మిగిలిపోయిన పసిపిల్లల మీద బుకారెస్ట్‌లో ఒక అధ్యయనం జరిగింది. 136 మందిని తీసుకుని, చీటీ వేసినట్టు సగం మందిని ఫోస్టర్ ఇళ్ళకు పంపారు, సగం మంది మామూలుగా జరిగేదానికే మిగిలారు. ఆశ్రమాల్లో తిండీ బట్టా ఉన్నాయి. అయినా ఇళ్ళకు వెళ్ళిన పిల్లలకు తెలివి పెరిగింది, మనుషులతో బంధం కుదిరింది. మిగిలినవాళ్ళు వెనకబడ్డారు. తెలివి గురించిన ఫలితాలు 2007లో సైన్స్ పత్రికలో వచ్చాయి. ఎంత చిన్న వయసులో ఇల్లు దొరికితే అంత మేలని కూడా అందులో తేలింది. అంటే మనం "ఆలోచిద్దాం, చూద్దాం" అంటూ గడిపే ప్రతి ఏడాది ఖరీదూ పిల్ల కడుతోంది.

డబ్బు ఒక్కటే సరిపోతుందనే వాదానికి కోవిడ్ కాలం చాలు. తల్లిదండ్రులిద్దరినీ పోగొట్టుకున్న పిల్లల పేరిట రాష్ట్ర ప్రభుత్వం 2021లో 10 లక్షల రూపాయలు డిపాజిట్ చేసింది. మంచి పని. కానీ డిపాజిట్ బాండు పెద్ద పరీక్ష ముందురోజు రాత్రి పక్కన కూర్చోదు. ఆ పని మనిషే చేయాలి.

ఇక అసలు బలమున్న అభ్యంతరం ఒకటుంది. హితబోధకులు దీన్ని తక్కువగా అంటారు. కానీ అందరికన్నా ముందు వినాల్సింది ఇదే: పెంచుకుంటామని తెచ్చి పనిపిల్లను చేస్తారు. నిజం. మన ఇళ్ళల్లో ఇది తరతరాలుగా జరిగింది. "మా ఇంట్లో పిల్లలా ఉంటుంది" అన్న పిల్ల అంట్లు తోముతూ, చంటిపిల్లను ఎత్తుకుంటూ, ఇంట్లో పిల్లలు బడికి పోతుంటే గుమ్మంలో నిలబడేది. పడక వంటింట్లో, కంచం వేరే. ఇలాంటి పెంపకాన్ని నేను సమర్థించను.

అయితే ఈ అభ్యంతరం నిజానికి దేనికి ఎదురు? గుట్టుగా, నోటిమాట మీద జరిగే పెంపకానికి. ఫోస్టర్ కేర్ దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇంటికి అధికారి వచ్చి ఆదాయం, ఆరోగ్యం, నడవడి విచారిస్తారు. పిల్ల ఎక్కడ పడుకుంటుందో చూపించమంటారు. మీ సొంత పిల్లలను పక్కకు పిలిచి వాళ్ళకు ఇష్టమో కాదో అడుగుతారు. పిల్ల వచ్చాక కమిటీ నెలనెలా తనిఖీ చేయాలని చట్టం. సరిగ్గా చూడటం లేదని తేలితే పిల్లను వేరే కుటుంబానికి మార్చాలి. నెలకు 4,000 అంటే రోజుకు 133 రూపాయలు. పాలు, పుస్తకాలు, చెప్పులు, జ్వరం మందులు అన్నీ అందులోంచే. దీన్ని లాభం అనుకునేవాడికి లెక్కలు రావు.

గుట్టు పెంపకానికి ఇంకో ముఖం పిల్లల బేరం. 2024 మేలో రాచకొండ పోలీసులు హైదరాబాదు శివార్లలో పసికందులను అమ్మే ముఠాను పట్టుకున్నారు. బిడ్డ కోసం లక్షలు పోసినవాళ్ళ ఒళ్ళోంచి ఆ పసివాళ్ళను శిశువిహార్‌కు చేర్చారు. ఆస్పత్రి ఆయా చెప్పిందనో, నర్సు చెప్పిందనో బిడ్డను తెచ్చుకుంటే జువెనైల్ జస్టిస్ చట్టం 80వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు పడొచ్చు. బిడ్డను అమ్మినా కొన్నా ఐదేళ్ళ దాకా. చూడండి ఎంత విడ్డూరమో: దొంగచాటుగా బిడ్డను కొనుక్కున్నవాళ్ళను ఊరు "పాపం, పిల్లలు లేరు" అని అర్థం చేసుకుంటుంది. చట్టం వెలుగులో, ఒక్క రూపాయి బేరం లేకుండా, పదేళ్ళ పిల్లను పెంచుతామన్నవాళ్ళను మాత్రం పిచ్చివాళ్ళంటుంది.

ఈ వ్యాసం ఫోస్టర్ పెంపకాన్ని తీయగా చూపించి అమ్మడానికి కాదు. కష్టం చాలా ఉంది. మొదటి వారాల్లో పిల్ల దిండు కింద ఇడ్లీ దాచుకోవచ్చు. రేపు దొరుకుతుందో లేదో అన్న భయం అది, దొంగతనం కాదు. పక్క తడపొచ్చు. అబద్ధం ఆడొచ్చు. మీరు ఎంతవరకు ఓర్చుకుంటారో చూడటానికి కావాలనే గాజు గ్లాసు పగలగొట్టొచ్చు. "మీరు మా అమ్మ కాదు" అని ముఖం మీదే అనొచ్చు, అది నిజం కూడా. కృతజ్ఞత కోసం, పుణ్యం కోసం, ముసలితనంలో చేదోడు కోసం పిల్లను తేవాలనుకునేవాళ్ళు దయచేసి తేవద్దు. ఆ పిల్ల మీ ఖాళీని నింపడానికి పుట్టలేదు.

పేదరికం ఒక్కటే కారణమైతే తల్లి దగ్గరినుంచి పిల్లను తీయనూ కూడదు. అప్పుడు ఆ తల్లికే సాయం అందాలి. 45వ సెక్షన్ కింద స్పాన్సర్‌షిప్ ఉన్నది అందుకే. ఒకప్పటి నేరస్థ జాతుల చట్టం కింద తల్లుల నుంచి పిల్లలను విడదీసి బడుల్లో పెట్టే అధికారం సర్కారుకు ఉండేది. ఆ పాపం మళ్ళీ ఇంకో పేరుతో జరగకూడదు. ఫోస్టర్ కుటుంబం కన్నతల్లికి పోటీ కాదు. ఆమె కూలిపోయిన చోట కొన్నాళ్ళు భుజం పట్టే మనిషి.

మరి ఎవరు చేయగలరు? పిల్లలు విదేశాలకు వెళ్ళి, ఒంట్లో ఓపిక ఉండి, ఇల్లు ఖాళీగా ఉన్న యాభై దాటిన దంపతులు ఈ డెల్టాలో ఎంతమంది లేరు? రిటైరైన టీచర్లు, పాతికేళ్ళు పిల్లల మధ్య గడిపినవాళ్ళు ఎంతమంది లేరు? భర్త పోయాక మూడు గదుల ఇంట్లో ఒక్కతే ఉంటున్న అంగన్‌వాడీ టీచరు లేదా? వయసు పరిమితి దాటనంతవరకు మార్గదర్శకాలు వీళ్ళకు తలుపు తెరిచే ఉంచాయి. 2022 ఏప్రిల్ నుంచి కొల్లూరుకు జిల్లా కేంద్రం బాపట్ల. అక్కడి బాలల సంరక్షణ యూనిట్‌లో అడగాలి. తెనాలి వాళ్ళయితే గుంటూరులో. ఆపదలో ఉన్న పిల్ల కనబడితే 1098. ఇంతవరకు వ్యక్తులు చేయగలిగింది. ప్రభుత్వం చేయాల్సింది కూడా ఉంది. గ్రామ సచివాలయం గోడ మీద పథకాల జాబితా పొడుగ్గా ఉంటుంది, ఫోస్టర్ కేర్ మాట వినని ఊళ్ళే ఎక్కువ. మహిళా పోలీసుకు, అంగన్‌వాడీ టీచరుకు దీని మీద శిక్షణ ఇచ్చి, గ్రామసభలో ఒక్కసారి చదివి వినిపిస్తే ఖర్చేమీ లేదు. ఆ 4,000 నెల తప్పకుండా చేరాలి. నెలవారీ తనిఖీ సంతకాల దగ్గర ఆగకుండా పిల్లతో విడిగా మాట్లాడేదాకా పోవాలి. ఆ తనిఖీ లేకపోతే, పనిపిల్ల భయం ఉన్నవాళ్ళే గెలుస్తారు, గెలవాలి కూడా.

అందరూ ఫోస్టర్ తల్లిదండ్రులు కావాలని నేను అడగడం లేదు. కాలేరు, కానక్కర్లేదు. ఇల్లు ఇరుకైనవాళ్ళు, ఒంట్లో బాగోలేనివాళ్ళు, ఇంట్లో ఒప్పుకోనివాళ్ళు "మాకు కుదరదు" అంటే అది వాళ్ళ హక్కు, దానికి ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు. నా పేచీ పక్కింటి వాళ్ళతో. తాము చేయరు, చేస్తామన్నవాళ్ళను చేయనివ్వరు. కుదరదు అనుకోవడం మన ఇష్టం. ఇంకొకరితో కూడదు అని చెప్పడానికి మాత్రం కారణం చూపించాలి. రక్తం, రెక్కలు, దత్తత, ఆశ్రమం, ఇన్నాళ్ళు చూపించిన ఈ నాలుగు కారణాల్లో ఒక్కటీ నిలవలేదు. నిలిచిన ఒక్క భయానికి చట్టంలో మందు ఉంది, అది సరిగ్గా పడేలా చూడటం మన పని. కాబట్టి ఈసారి మీ వీధిలో ఎవరైనా ఈ మాట ఎత్తితే హితబోధ మానండి. చేతనైతే దరఖాస్తుకు కావలసిన కాగితాలు సర్దిపెట్టండి. చేతకాకపోతే, ఆ పిల్ల వచ్చిన మొదటి రోజున "ఎవరి పిల్లమ్మా?" అని అడగకుండా మీ పిల్లలతో ఆడుకోవడానికి పిలవండి.